ఏడాది తిరగకముందే

సెప్టెంబర్ 15

తెల్లారకముందే గుట్ట ఎక్కాను. వీపున సంచీ, సంచీలో పది కిలోల బియ్యం. పోయిన వారం కంటే తక్కువసార్లు ఆగాను. ఊపిరి పరవాలేదు.

దిగి వస్తుంటే కింద తుమ్మచెట్టు దగ్గర ఒకతను సైకిల్ పట్టుకుని టైరు నొక్కి చూస్తున్నాడు. నన్ను చూసి మళ్లీ నొక్కాడు. గాలి నిండుగానే ఉంది.

సెప్టెంబర్ 16

కాలేజీకి తాళం. బస్సులు లేవు. లెక్చరర్లందరం ప్రత్యేక రాష్ట్రం కోసం వేసిన సమ్మె టెంట్లో కూర్చున్నాం. పక్క కుర్చీలో ఖలీల్. స్టాఫ్‌రూమ్‌లోనూ పక్క కుర్చీయే, ఎన్నో ఏళ్లుగా.

“ఏం సార్, పొద్దుగాల గుట్ట మీదికి బియ్యం మోస్తున్నరట?”

ఎవరు చెప్పారన్నాను. “బజార్ల అనుకుంటున్నరు.” బజారులో ఎవరు? నవ్వి టీ తెప్పించాడు.

కొండ సంగతి అతనొక్కడికే తెలుసు. ఉత్తరాఖండ్‌లో, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున మంచు కనుమ. అక్టోబర్ చివర్లో దాటాలి. డెహ్రాడూన్ వాళ్లు రోజూ బరువుతో ఎక్కమన్నారు. రాళ్లు వేసుకుంటే వీపుకు గుచ్చుకున్నాయి. బియ్యం బాగా సర్దుకుంటుంది. అంతే సంగతి.

మాధవికి చెప్పలేదు. జగిత్యాలలో కూర్చునే ఆపేస్తుంది నా బిడ్డ.

సెప్టెంబర్ 18

తంగళ్ళపల్లి అయ్యగారికి ఫోన్ చేశాను. నా భార్య సులోచనకు దినాలు చేయించింది ఆయనే. సంవత్సరీకం పుష్యమాసంలో రావాలి. అక్టోబర్‌లోకి ముందుకు జరపవచ్చా అని అడిగాను.

“జరుపొచ్చు సార్. ఇంట్ల శుభకార్యం ఉంటే ముందటికి జరుపుకుంటరు. ఏం శుభకార్యం?”

సొంత పని అన్నాను. “మంచిది, మంచిది” అన్నారు. గొంతులో నవ్వు. ఎందుకో తెలియదు.

మనిషి పోయి ఏడాది తిరగని ఇంటివాళ్లు గుట్ట ఎక్కరు. అందరికీ తెలిసిందే. అందుకే జరపమన్నాను. వేరే ఏమీ లేదు.

ఆమె ఉన్నన్నాళ్లూ ఈ ప్రయాణానికి ఏదో ఒక అడ్డం చెప్పేది. చలి. మోకాళ్లు. “గా మంచుల ఏమున్నది, ఫ్రిజ్జు తెరిచి చూడు.” వచ్చే ఏడు పోదాంలే అనేవాణ్ణి. ఇప్పుడు వద్దనే మనిషి లేదు.

సెప్టెంబర్ 20

కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. చిన్న వయసు. చెప్పులు బయట విప్పాడు.

“సార్, గా గుట్ట మీద బియ్యం ఎవలకిస్తున్నరు?”

“ఎవలకియ్య. ఎక్కిస్త, దించుత.”

“మల్ల?”

“తెల్లారి మల్ల ఎక్కిస్త.”

కాసేపు ఆలోచించాడు. “మా నాయిన సర్వీసుల గిట్లనే అన్నలకు మోసెటోళ్లట. ఇప్పుడు ఆళ్లెక్కడున్నరు సార్. అయినా అడిగి రమ్మన్నరు.” సంచీ విప్పించి గుప్పెడు తీసి చూశాడు. “సన్నబియ్యం! ఎక్సర్‌సైజ్‌కు దొడ్డుబియ్యం సరిపోవా?”

నవ్వలేదు. తర్వాత నవ్వు వచ్చింది. అప్పటికి ఇంట్లో ఎవరూ లేరు.

ఎవరు ఫిర్యాదు చేశారు? సైకిల్ మనిషా? ఖలీలా?

సెప్టెంబర్ 22

ఎత్తుకు అలవాటు పడే గోలీలు పేరు చెప్పి అడిగితే మెడికల్ షాపతను నా కళ్లలోకి తేరి చూశాడు. “గివి కండ్ల జబ్బుకు గద సార్?” ఔనన్నాను. ఊరికే అబద్ధం చెప్పాను. రేపటికి నాకు చూపు పోయిందని అనుకుంటారు.

సెప్టెంబర్ 25

రాజేశం దిగాడు. నా బామ్మర్ది, సులోచన తమ్ముడు. బస్సులు లేకున్నా సిరిసిల్ల నుంచి రుద్రంగి మీదుగా బండి మీద వచ్చాడు. సాంచాలకు, అదే మరమగ్గాలకు, సెలవిచ్చాడట. ఆదివారం కూడా ఆపని మనిషి.

మంచినీళ్లు తాగుతూ ఇల్లంతా చూశాడు. గూట్లో కొత్త బూట్లు. దండెం మీద కొత్త ఉన్ని స్వెట్టరు, ఒంటికి పట్టే లోపలి బట్టలు.

“సన్నవడ్డవ్ బావా.”

“నడుస్తున్న.”

“బట్టలు గూడ కొన్నవ్.”

“ఔ.”

గ్లాసు కింద పెట్టాడు. “పిల్లెవరు?”

అర్థం కాలేదు.

“దాసిపెట్టుడెందుకు బావా. అక్క సంవత్సరికం ముందటికి జరుపుమన్నవట. ఊకెనే జరుపుతరా ఎవలన్నా? చేసుకో, వద్దంటలేను. గని మాకొక మాట చెప్తే మంచిగుండు.”

గుట్ట అన్నాను. మంచు అన్నాను. మ్యాపు తీసి పరిచాను. దాని మీద చేయి కూడా పెట్టలేదు.

“గుట్టెక్కనీకి ఏడాది జరుపుతరా? పెండ్లికి జరుపుతరు.”

ఎవరు చెప్పారని అడిగాను. “ఎవలైతేంది.” అన్నం తినకుండా వెళ్లాడు. గడప దాటేటప్పుడు వంటింటి వైపు చూశాడు. అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని చూశాడో, అక్క కోసం చూశాడో.

సెప్టెంబర్ 26

సంవత్సరీకం మాట ఖలీల్‌కు చెప్పానా? టీ తాగుతూ అనే ఉంటాను. అతని చెల్లెలి ఇల్లు సిరిసిల్లలోనే.

టెంట్లో వెనక వరసలో కూర్చున్నాను.

సెప్టెంబర్ 28

ఎదురింటి ముందు బతుకమ్మ. నన్ను చూసి ఎదురింటామె పాట ఆపబోయింది. ఆపొద్దని చేయి ఊపి లోపలికి వచ్చాను.

అక్టోబర్ 1

రోడ్డు మీద వంటా వార్పు. పెద్ద గంజుల్లో పప్పు, అన్నం. మహిళా సంఘం ఆమె విస్తట్లో వడ్డిస్తూ, “సారూ, మీ దావత్ ఎప్పుడు మరి?” అంది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

అంటే ఊరంతా. పిల్ల జగిత్యాలదని కొందరు, కాదు పెగడపల్లి టీచరమ్మని కొందరు. ఆ టీచరమ్మ ఎవరో పాపం.

తిరిగి వస్తుంటే ఒక సహోద్యోగి: “సమ్మె నడుస్తుంటే మీరు హిమాలయాలకు పోతున్నరట?” కొండ సంగతి తెలిసినవాడు ఇతనొక్కడు దొరికాడు. ఇతనికీ అనుమానమే. పోరాటం వదిలి పారిపోతున్నానట.

అక్టోబర్ 3

ఖలీల్ అడ్డం వచ్చి నిలబడ్డాడు. “మొఖం తిప్పుకుంటున్నరు. నేనేం జేసిన?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటే వెనకకు ఎందుకు కూసుంటున్నరు? అక్కడ ఫ్యాన్ గూడ లేదు.”

పక్క నుంచి తప్పుకుని ఇంటికి వచ్చాను.

సాయంత్రం అయ్యగారు ఫోన్. పదిహేనో తేదీ మంచిదట. “మీ బామ్మర్దికి అప్పుడే చెప్పిన సార్. పుట్టింటోళ్లకు చెప్పకపోతే బాగుండదు గదా.” చెప్పింది ఈయన. నేను ఫోన్ పెట్టిన గంటలోనే చెప్పాడట.

ఖలీల్ నెంబరు తీశాను. ఏమనాలి? పెట్టేశాను.

అక్టోబర్ 4

టెంట్లో ముందు వరసలో కూర్చున్నాను. ఖలీల్ కుర్చీ కొంచెం జరిపాడు. ఫ్యాన్ గాలి ఇద్దరికీ తగులుతుంది.

స్తంభానికి ఒక పిల్లవాడి ఫోటో కట్టారు. దండ వేశారు. రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్నాడు. మా కాలేజీ కాదు. మా పిల్లల వయసే. వాళ్లమ్మ నిన్నటి నుంచి నీళ్లు ముట్టలేదని ఎవరో అంటున్నారు. పేరు చదవకుండా కళ్లు దించుకున్నాను.

అక్టోబర్ 8

మాధవి వచ్చింది. అల్లుడు గేటు దగ్గర బండి మీద దించి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. ముందే అనుకుని వచ్చారన్నమాట.

పెళ్లి సంగతి అడుగుతుందనుకున్నాను. సిద్ధంగా ఉన్నాను. అడగలేదు.

“మామ అంటున్నది నేను నమ్మలే. నీకు పెండ్లి ఏంది, నీకు చాయ్ పెట్టుకునుడే రాదు.”

స్టవ్ వెలిగించి తనే పెట్టింది. కప్పులు వెతికింది. వాళ్లమ్మ కప్పు దొరికింది. దాన్ని వెనక్కి పెట్టి వేరేది తీసింది.

“మామ చెప్పిన మంచు గుట్టకు ఎన్నడు పోతున్నవ్ బాపూ?”

“పదహారుకు.”

“ఎన్నడు వస్తవ్?”

“నవంబర్ మొదటి వారం.”

“అమ్మ ఏడాది పుష్యంల. అప్పటికి నువ్వు వచ్చి ఎంతో కాలమైతది గదా. మరి ముందే చేసుడెందుకు?”

“ఏడాది తిరగకుంట గుట్టెక్కొద్దు గద బిడ్డా.”

“ఎండకాలం నుంచి రోజు ఎక్కుతనే ఉన్నవ్ గదా.”

చాయ్ మీద మీగడ కట్టింది.

“రావాల్నని ఉన్నోడు వచ్చినంక చేసుకుంటడు బాపూ. పోయేముందు పనులన్నీ ఒడగొట్టుకొని, ఒక్కటీ మిగల్చకుంట పోడు.”

అట్ల ఎందుకు అనుకుంటున్నవ్ అన్నాను.

“రోజు పేపర్ల చూస్తున్నం గదా.” అంతే అంది. ఏడవలేదు. కప్పులు కడిగి బోర్లించింది. అల్లుడు తిరిగి వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టాడు.

అక్టోబర్ 9

గుట్టకు వెళ్లలేదు.

అక్టోబర్ 10

వెళ్లాను. సంచీ లేకుండా. పైన బండ మీద కూర్చున్నాను.

నిజమే. ఏప్రిల్ నుంచి ఎక్కుతున్నాను. ఒక్కనాడూ ఏడాది సంగతి గుర్తుకు రాలేదు. ఏడాది కాలేదు గదా అని ఇంటి పనిమనిషి అన్నా పట్టించుకోలేదు. మరి ఆ కనుమ అనగానే అయ్యగారికి ఎందుకు ఫోన్ చేశాను?

అది దేవభూమి కనుక. పెద్ద కొండ కనుక. రాజేశం బాధపడతాడు కనుక. ఎన్ని చెప్పుకున్నా కానిస్టేబుల్‌కు చెప్పినట్టే ఉంది.

ఇంకా చూశాను, వేరే మనిషి పనులను చూసినట్టు. ఆగస్టులో బీరువా ఖాళీ చేశాడు. చీరలన్నీ మాధవికి పంపాడు. కుట్టుమిషను కూడా. ఇల్లు బిడ్డ పేరున మార్చడానికి జగిత్యాల వెళ్లి వచ్చాడు. స్కూటర్ ఖలీల్‌కు ఇచ్చి, ఉండనీ, వాడుకో అన్నాడు. ఒక్కొక్కటీ మంచి పనే. ఎవరైనా చేసేదే. అన్నీ వరసగా పెడితే మాత్రం, ఆ మనిషిని నేను నమ్మను.

అతని మనసులో ఏముందో అడిగాను. చెప్పడం లేదు.

అక్టోబర్ 12

రాజేశం మళ్లీ వచ్చాడు. ఈసారి తిన్నాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

“నేను గూడ వస్త బావా.”

“కొండగట్టు గుడికే బండి మీద పోతవ్ నువ్వు.”

“నేను ఎక్క. కింద ఉంట. నువ్వు దిగేదాక చాయ్ తాక్కుంట కూసుంట.”

“మంచు పడుతది.”

“పడనీ. దుప్పట్లు నేసెటోనికి చలేంది.” బనీను ఎత్తి పొట్ట చూపించాడు. “ఇగో, స్వెట్టర్ ఉండనే ఉన్నది.”

నవ్వాను. అతనూ నవ్వాడు. నవ్వుతూనే నా మొహం చూస్తున్నాడు, లోపల ఏముందో అని.

మాధవి పంపిందా అని అడిగాను.

“పంపితేంది, పంపకుంటేంది. అక్క ఉంటే పంపకపోవునా?”

వద్దన్నాను. సాంచాలు ఎవరు చూస్తారన్నాను. చాలాసేపు కూర్చుని వెళ్లాడు. ఈసారి పిల్ల మాట ఎత్తలేదు. ఎత్తితేనే బాగుండేది.

అక్టోబర్ 13

డెహ్రాడూన్ వాళ్లు ఫోన్ చేశారు. కనుమ మీద మంచు తొందరగా పడుతోందట. పగ్గాలు కట్టుకుని దాటాలట. “అందరూ ఒకే తాడుకు” అన్నాడు అతను హిందీలో. ఒకరు జారితే మిగతావాళ్లు ఆపుతారట. ఆపలేకపోతే అని అడిగాను. నవ్వాడు. “ఆపుతారు సర్.”

ఎవరో తెలియనివాళ్లు. నా నడుముకు తాడు. వాళ్ల నడుములకు కూడా అదే తాడు.

ఈ మాట ఇంతవరకు తట్టలేదు.

అక్టోబర్ 14

పొద్దున్నే అయ్యగారికి ఫోన్. రేపు వద్దన్నాను. పుష్యంలోనే చేద్దామన్నాను.

పంచాంగం మూసిన చప్పుడు. తర్వాత మెల్లగా, “సంబంధం తప్పిపోయిందా సార్?”

“సంబంధం లేదు అయ్యగారూ. ఉండె అని నేననలే.”

“పోనీయండి. మనసుకు తీసుకోవద్దు.” ఆయన నమ్మలేదు. “అయితే పుష్యంల. మీరుంటరు గదా?”

అందరినీ అడిగే మాటే. ఉంట అన్నాను.

రద్దు చేసింది తిరిగి రావాలని ఉండా? మాధవి అన్నందుకా? తెలియదు. ఈ మనిషి ఏ పని చేసినా వెనక ఇంకోటి ఉన్నట్టే ఉంది.

అక్టోబర్ 16

రామగుండం స్టేషన్. ఖలీల్ స్కూటర్ మీద దించాడు. స్కూటర్ తాళంచెవి నాకు ఇవ్వబోయాడు, నేను తీసుకోలేదు. “వచ్చినంక పెట్రోల్ కొట్టిచ్చి ఇస్త, తీసుకోవాలె” అని నా చొక్కా జేబు మీద తట్టి వెళ్లాడు. ఇతనికి కూడా అదే భయమా?

రైల్ రోకో. పట్టాల మీద జనం. డప్పులు. ఒక పక్క అన్నం ఉడుకుతోంది. ఢిల్లీ బండి ఎక్కడో ఆగింది. ఎప్పుడొస్తుందో చెప్పలేమంటున్నారు. వస్తుందో రాదో కూడా.

మాధవి ఫోన్.

“అయ్యగారు చెప్పిండు. పుష్యంలనేనట.”

“ఔ.”

“ఎందుకు మార్చినవ్?”

“వచ్చినంక చేద్దామని.”

అటువైపు స్కూటర్ హారన్, ఎవరివో మాటలు. తర్వాత: “నాకోసం అంటున్నవా, నిజంగ అంటున్నవా?”

“రెండూ ఒకటే గద బిడ్డా.”

“కావు బాపూ.”

ఆమె మళ్లీ అడగలేదు. ఫోన్ కూడా పెట్టలేదు. డప్పుల చప్పుడు ఆమెకు వినిపిస్తూ ఉండాలి. పట్టాల మీద నుంచి ఒకామె “సారూ, రాండ్రి, ఇంత తిందురు” అని పిలిచింది. అదీ వినే ఉంటుంది.

చార్జింగ్ అయిపోతుందన్నాను.

“అయిపోనియ్” అంది.