చూడకుండా రాసిన అడ్రసు

జూన్ 3, మంగళవారం

ఆవకాయ సీజన్. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి ఇల్లూ ఏదో ఒక దేశానికి పచ్చడి పంపుతోంది. పొద్దుటి నుంచి మా కొరియర్ కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నాను. ఒక్క పౌచ్ కారలేదు. గాలి తీసి సీలు, దాని మీద ఇంకో పౌచ్, ఇంకో సీలు. తర్వాత పాత పేపర్ మీద తలకిందులుగా పది నిమిషాలు. నూనె మరక లేకపోతేనే డబ్బాలోకి. ఈ పద్ధతి నాదే. మొదట్లో టైమ్ వేస్టని తిట్టిన సేటు ఇప్పుడు కస్టమర్లకు తనదేనని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

లంచ్ టైమ్‌లో దీప్తి ఫోన్. తను పైచదువుకి విదేశం వెళ్లి ఉంటున్న డండీలో అప్పుడే పొద్దున. ప్రాజెక్టులో క్లాసు మొత్తానికీ తనకే ఎక్కువ మార్కులు! కౌంటర్ మీద ఒక్కటి చరిచాను, టేపు ఎగిరి పడింది. డిగ్రీలో మా వెనక బెంచీలో నిద్రపోయిన పిల్ల. ఎవరికి చెప్పుకోను... ఈ పేజీకి తప్ప.

జూన్ 5, గురువారం

దీప్తితో గొడవ. చదువు అయిపోగానే మా సంగతి ఇంట్లో చెప్తానంది. సంతోషం. కాసేపాగి మెల్లగా —

"లాజిస్టిక్స్‌లో చేస్తాడని చెప్పనా?"

"పచ్చళ్లు ప్యాక్ చేస్తడని చెప్పు."

"మా వాళ్ల సంగతి నీకు తెలీదు..."

"తెల్వదు. గని నా పనికి ఇంకో పేరు పెట్టకు."

ఫోన్ పెట్టేశాను. కోపం కాదు... కోపమే. అక్కడ హోటల్లో గిన్నెలు కడుగుతున్నానని తను గర్వంగా చెబితే నేనూ గర్వంగా విన్నాను కదా. నా పని చెప్పడానికి ఏమొచ్చింది?

జూన్ 6

తనే ఫోన్ చేసింది. "సారీ. పచ్చళ్లనే చెప్తాలే, మహానుభావా." నవ్వాగలేదు.

జూన్ 10, మంగళవారం

ఎల్బీ నగర్ మెట్రో దగ్గర కొత్త కౌంటర్. సేటు పిలిచి — "నువ్వే సూస్కోవాలె." రెండుసార్లు అడిగాను, నేనేనా అని.

జూన్ 14, శనివారం

దీప్తి వాళ్లమ్మ వచ్చారు. ఏడాదిగా నెలకోసారి వస్తారు, నేనెవరో ఆవిడకు తెలియదు. ఆవకాయ, కందిపొడి. "అడ్రసు చెప్తానుండు బాబూ" అని కళ్లజోడు కోసం సంచి వెతుకుతున్నారు. ఆలోపే ఫారం నింపి ముందు పెట్టాను. ఇంటి నంబరు, వీధి, కోడు, అన్నీ. స్పీడు చూపించుకుందామని! బుద్ధి లేదు నాకు.

ఆవిడ చదివారు. మళ్లీ చదివారు.

"నీకెలా తెలుసు?"

"పాత బిల్లుల ఉంది, ఆంటీ."

"అమ్మాయి ఇల్లు మారి వారం కూడా కాలేదే."

పౌచ్ పేపర్ మీద తలకిందులుగా ఉంది. ఆ పది నిమిషాలూ కుర్చీలో కూర్చుని నన్నే చూశారు. మరక లేదు. రసీదు తీసుకుని వెళ్లిపోయారు.

జూన్ 15

దీప్తికి చెప్పాను. "నన్నేమీ అడగలేదే అమ్మ..." అంది. అడిగి ఉంటేనే బాగుండేది.

జూన్ 23, సోమవారం

ఎల్బీ నగర్‌లో మొదటి రోజు. నాయిన ఆటో పక్కకు ఆపి వచ్చాడు.

"గీ అద్దాల దుకాణం నీదేనారా?"

"నాది కాదు నాయినా, నేను నడుపుత."

"గదే. నీదే."

పోతూ పోతూ పక్క ఆటో ఆయనకు కూడా చూపించాడు. సిగ్గేసింది. బాగుంది కూడా.

జూలై 1

దీప్తిని ఇంట్లో ఇంకా ఎవరూ ఏమీ అడగలేదట.

జూలై 4, శుక్రవారం

ఇంటి దగ్గరి కౌంటర్ వదిలేసి ఆంటీ మెట్రోలో ఇక్కడిదాకా వచ్చారు. నిమ్మకాయ పచ్చడి. "అడ్రసు నువ్వే రాయి" అన్నారు. సంచిలోంచి కళ్లజోడు బయటకు తీయలేదు. రాశాను.

డబ్బా మూసి, టేపు చివర కొంచెం మడత పెట్టాను, ఎప్పటిలాగే.

"అదెందుకు?"

"గోళ్లు కొరుక్కుంటది కద ఆంటీ... మడత లేకుంటే టేపు లేవదు."

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆవిడ ఆ మడతనే చూస్తూ ఉండిపోయారు.

"ఈ పని ఇష్టమై చేస్తున్నావా, ఇంకోటి దొరక్కా?"

"ఇష్టమే, ఆంటీ. మూడేండ్లల నా చేతి పార్సెల్ ఒక్కటి కారలే."

నవ్వలేదు. కోపం కూడా చూపించలేదు.

"మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారు?"

"ఆదివారం."

"అయితే మీ ఇంటి అడ్రసు రాసివ్వు, వస్తాను."

జూలై 6, ఆదివారం

దీప్తి మెసేజ్: "లాజిస్టిక్స్ అన్నావంటే చంపేస్తా."

నాయిన రెండు చొక్కాలు పట్టుకుని నిలబడ్డాడు. "ఏ అంగీ ఎయ్యాలెరా?" ఖాకీదే వేసుకోమన్నాను. రాత్రే ఇస్త్రీ చేసి పెట్టాను. నేను కౌంటర్ టీషర్టులోనే ఉన్నాను. అమ్మ చాయ్ పెట్టి, దించి, మళ్లీ పెట్టింది.

కింద గేటు చప్పుడు. కిటికీలోంచి చూశాను. ఆంటీ ఒక్కరే కాదు, వెనక దీప్తి వాళ్ల నాన్న కూడా. తలవంచుకుని మెట్లెక్కుతున్నారు, ముఖం కనిపించడం లేదు.

నాయిన తలుపు తీస్తున్నాడు —