ఒకే మనిషిలో తేడా

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. నీ మరదలి జలుబు ఒక్కటే ఇల్లు వదలడం లేదు. మీరిద్దరూ బాగున్నారని రాశావు గానీ, అదే ఉత్తరం అడుగున బావ వేరే సంగతి రాశాడు. ఖర్చు కలిసొస్తుందని పగటి ఫిట్స్ మాత్ర మానేసి రాత్రిది ఒక్కటే వేసుకుంటున్నావట. నేను పంపిన డబ్బేమో తిప్పి పంపేశావు. రోజంతా కత్తెరతో, కుట్టు మిషనుతో ఉండే మనిషివి, ఇదేం పని అక్కా?

మా ల్యాబులో పరీక్షిస్తున్న చవక మాత్ర ఎప్పుడొస్తుందని అడిగావు. ఈ ఏడాది రాదు. పరీక్ష తప్పింది.

ఒక్కో మనిషికి ఒకసారి నువ్వు వేసుకునే ఖరీదైన మాత్ర, కొన్నాళ్లాగి మా మాత్ర ఇచ్చి, నెత్తురులో మందు ఎంత చేరిందో పోలుస్తాం. చిక్కేమిటంటే, ఒకే మనిషికి అదే మాత్ర రెండుసార్లు ఇచ్చినా లెక్క ఒకేలా రాదు. పొద్దున కొలిచిన నడుము భోంచేశాక మారుతుందని నవ్వుతుంటావే, అలాగన్నమాట. ఆ తేడా ఎంతుంటుందో ముందే అంచనా కట్టి, ఎంతమందిని పిలవాలో చెప్పడమే నా ఉద్యోగం. అంచనాకు నా దగ్గరున్నదల్లా గుప్పెడు మందితో చేసిన చిన్న పరీక్ష. అందులో తేడా తక్కువే కనబడింది. అంత కొద్దిమందిని నమ్ముకోవద్దు, మనుషుల్ని పెంచుదామని మేనేజరు దగ్గర మొత్తుకున్నాను.

"చేతిలో ఉన్న అంకె వదిలేసి, నీ భయాన్ని లెక్కలో వేయమంటావా?" అన్నాడాయన.

తీరా చూస్తే తేడా అనుకున్నదానికి రెట్టింపు. సగటున రెండు మాత్రలూ నెత్తురులో ఒకేలా చేరాయి, కానీ ఉన్న మనుషులతో అది రుజువు కాలేదు. ఫలితం చూశాక కొత్తవాళ్లను కలపడానికి నియమం ఒప్పుకోదు. మళ్లీ మొదటినుంచీ చేయాలి. ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు.

నీకు చెప్పకుండా ఉండలేని మాట ఇంకొకటి ఉంది. మిగిలిన మాత్రలు స్టోరులో తాళం వేసి ఉంచుతాం. మొన్న లోపలికి వెళ్లినప్పుడు నీకోసం ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాను. దొంగతనమవుతుందన్న ఆలోచన కూడా రాలేదు. రెండూ ఒకటేనని మీటింగులో గొంతు చించుకున్నవాణ్ణి నేనే. అయినా నీ ముఖం గుర్తొచ్చింది. ఒక్క రోజు నీ నెత్తురులో మందు తగ్గితే, ఆ రోజు నువ్వు మిషను ముందు ఉంటే, పడిపోయే నిన్ను సగటు పట్టుకోదు. డబ్బా అక్కడే పెట్టేసి వచ్చాను.

పెట్టేశాను కనుక నువ్వు ఒక్క మాత్రతోనే సరిపెడతావు, అదీ తెలుసు. మా మాత్ర వేసుకోవడమా, పగటిది మానేయడమా, ఏది తక్కువ ప్రమాదమో చెప్పాల్సినవాణ్ణి, నాకే తెలియడం లేదు. పగటి మాత్ర వేసుకో అక్కా. బతిమాలుకోవడం తప్ప నా చేతిలో ఏమీ లేదు.

ఇట్లు,
నీకు ఏ పనికీ రాని
తమ్ముడు