కార్బురేటర్ విప్పిన వారం

సోమవారం, ఉదయం 6:10

ఇవాళ్టినుంచి మన బండికి మనమే మెకానిక్!

మొన్న లైసెన్సు పరీక్షలో మా ఆవిడ ఎనిమిది అంకెను సగం దాకా ముచ్చటగా తిప్పింది. సరిగ్గా అంకె నడుము దగ్గర స్కూటర్ దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. కాలు కింద పెట్టింది. ఫెయిల్! మళ్ళీ పరీక్ష ఈ శనివారం. స్కూటర్ నాది, ఇరవై రెండేళ్ళది. కాబట్టి తప్పూ నాదే.

"మెకానిక్‌కి చూపించండి" అంది.

"కార్బురేటర్‌లో చెత్త చేరింది, అంతే. నేనే కడుగుతా."

కుడుతున్న మిషను ఆపి ఒకసారి నావైపు చూసింది. మళ్ళీ కుట్టుకుంది.

కావలసినవి: స్క్రూడ్రైవర్లు రెండు. పాత టూత్‌బ్రష్. కాస్త పెట్రోలు. స్కూటర్ రిపేరు పుస్తకం (నేను పనిచేసే లైబ్రరీదే. నాకు నేనే ఇచ్చుకుని ముద్ర కూడా వేసుకున్నాను). ధైర్యం: బోలెడు.

మంగళవారం, 6:30

విప్పేశాను! పది నిమిషాల్లో! గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కి అందించేది ఈ పిడికెడు వస్తువేనట. అడుగున గిన్నెలో పసుపుపచ్చ జిగురు. "ఇదిగో దొంగ!" అని అరిచాను.

6:50. స్ప్రింగ్ ఒకటి టింగుమని ఎగిరింది. ఎటు పోయిందో దానికే తెలియాలి.

8:40. చెప్పుల స్టాండు వెనక దొరికింది. లైబ్రరీకి ఆలస్యం.

బుధవారం, 6:15

జెట్ అని ఓ బుల్లి ఇత్తడి మర. మధ్యలో వెంట్రుకంత కన్నం. పెట్రోలు అందులోంచే పోవాలి. మూసుకుపోయింది. మా ఆవిడ డబ్బాలోంచి సూది తెచ్చి పొడిచాను. వెలుతురు కనిపించింది! కొంచెం ఎక్కువే కనిపించింది.

7:20. పుస్తకంలో తర్వాతి పేజీ: "జెట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ సూదితో పొడవరాదు. రంధ్రం పెద్దదవుతుంది."

ఈ ముక్క ముందు పేజీలో ఏడవచ్చుగా!

గురువారం, 7:00

బిగించాను. స్టార్టయింది!! వెనక నల్లటి పొగ, కింద పెట్రోలు ధార. గబగబా ఆపేశాను. చూస్తే పేపరు మీద ఓ చిన్న ముక్క మిగిలి ఉంది.

"కంపెనీవాళ్ళు ఒకటి ఎక్కువ వేసుంటారు" అన్నాను.

మా ఆవిడ నవ్వలేదు. "శనివారం పొద్దున పదింటికి" అంది. అంతే.

కారణాలు: పెట్రోలు కల్తీ. గాలిలో తేమ. స్క్రూడ్రైవర్ పిడి జారుడు.

శుక్రవారం, సాయంత్రం 5:30

ఒప్పుకుంటున్నాను. నావల్ల కాదు. తేలు కుట్టిన దొంగలా స్కూటర్ తోసుకుంటూ వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.

"ఏం సార్, కొత్త జెట్ సరిపోయిందా?"

"ఏ జెట్?"

"మధ్యాహ్నం అమ్మగారొచ్చి తీసుకెళ్ళారుగా. 'మా ఆయన సూదితో పొడిచినట్టున్నారు, డబ్బాలో సూది వంగిపోయి ఉంది' అన్నారు. మీకు మాత్రం చెప్పొద్దన్..." నాలుక కరుచుకున్నాడు. "చెప్పేశానా?"

చేతినిండా పనట. రేపు సాయంత్రం గానీ చూడలేడట. మళ్ళీ తోసుకుంటూ ఇంటికి.

6:15. మెట్టుమీద కూర్చుని ఉంది, అరచేతిలో కొత్త జెట్‌తో.

"మరి నన్ను ఆపలేదేం?"

"ఎలా ఆపమంటారు? నాలుగు రోజులుగా తెల్లారగానే లేచి చేతులు మసి చేసుకుంటున్నది నాకోసమేగా."

పక్కనే కూలబడ్డాను.

"ఆ రోజు నీ కాలు కిందపడింది నావల్లే."

"తెలుసులెండి. టార్చి పట్టుకోండి."

రోజూ కుట్టుమిషను విప్పి నూనె వేసే వేళ్ళు అవి. జెట్ ఇట్టే కూర్చుంది. మిగిలిన ముక్క సంగతి కూడా మెకానిక్‌ని అడిగొచ్చిందట. "గిన్నె నిండగానే పెట్రోలును ఆపేది ఇదేనట. ఇది లేకపోతే కారదూ?"

ఇంజిన్ వేడెక్కాక గాలి స్క్రూను మెల్లిగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పింది. తల వంచి వింది. ఇంకో పిసరు. దగ్గు తగ్గింది. తుమ్ము పోయింది. ఇంజిన్ నిదానంగా, ఒకే తీరున తిరుగుతోంది. ఇద్దరం చాలాసేపు దాన్ని ఆపకుండా వింటూ కూర్చున్నాం.

శనివారం, 11:40

పాస్!!! ఎనిమిది మొత్తం తిప్పింది. కాలు నేలకి తగిలితే ఒట్టు! అధికారి సంతకం పెడుతుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. తిరిగి వచ్చేటప్పుడు వెనక కూర్చున్నాను. మలుపులో భుజం పట్టుకున్నాను.

"అంత గట్టిగా పట్టుకోకండి. పడెయ్యన్లెండి!"

ఆదివారం, సాయంత్రం 5:00

పక్కింటాయన వచ్చాడు. ఆయన మోటార్‌సైకిల్ నెల్లాళ్ళుగా మొరాయిస్తోందట.

"మీరు సొంతంగా కార్బురేటర్ బాగుచేశారటగా! మాదీ కాస్త చూస్తారా?"

లోపల మిషను చప్పుడు టక్కున ఆగింది.

"దానికేం భాగ్యం! రేపు పొద్దున్నే!" అన్నాను.

తొందర లేదు. ఈసారి పుస్తకం అట్టనుంచి అట్టదాకా చదివాకే బండి మీద చెయ్యి వేస్తాను. ఒట్టు.

5:20. మొదటి పేజీ అయింది. విషయం మొత్తం అర్థమైపోయింది. స్క్రూడ్రైవర్ ఎక్కడ?