లేసులో పోగులు లేవు

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నువ్వు చూసి వేసిన లేసు గౌను బొమ్మకి అసలుది నిన్న డెట్రాయిట్‌లో ఒక మ్యూజియంలో కనిపించింది. నేనింకా తేరుకోలేదు.

ముందు చూసింది మా అమ్మాయి నవ్య. "అమ్మా, దిస్ ఈజ్ పెద్దమ్మ పెయింటింగ్ కదా?" అంది. గుంటూరులో పాత క్యాలెండర్ ముందు పెట్టుకుని నువ్వు ఏళ్ళ తరబడి వేసిన బొమ్మే అది. పక్కనున్న కార్డు నవ్య చదివి చెప్పింది. ఆ బొమ్మ వేసినాయన స్పెయిన్‌లో పుట్టి, నూట యాభై ఏళ్ళ కిందట ప్యారిస్ చేరి, డబ్బున్నవాళ్ళ ఇళ్ళ కోసం పట్టు గౌన్లూ లేసులూ వేసి బతికాడట. అమెరికా షావుకార్లు ఎగబడి కొన్నారట.

ఆ లేసు దగ్గరే కదా నువ్వు ఓడిపోయావు. సన్నకుంచెతో ఒక్కో పోగూ గీసి, తుడిచి, మళ్ళీ గీసి, "నా చేతిలో పనితనం లేదే" అని చివరికి రంగుల పెట్టె ఎవరికో ఇచ్చేశావు.

అందుకే బాగా దగ్గరకి వెళ్ళి చూశాను. అక్కడ లేసు లేదక్కా. ఒక్క పోగు కూడా లేదు. కుంచె విదిలించినట్టు నాలుగు తెల్లరంగు ముద్దలున్నాయి, అంతే. ఇంకా ముందుకి వంగాను.

"స్టెప్ బ్యాక్ ప్లీజ్, మేడమ్" అన్నాడు గార్డు.

రెండడుగులు వెనక్కి వేయగానే ఆ ముద్దలు మళ్ళీ లేసైపోయాయి.

"ఏమైందమ్మా, ఆర్ యూ ఓకే?" అంది నవ్య. అక్కా, నీ చేతిలో ఏ లోపమూ లేదు. నీకు దొరికింది క్యాలెండర్, అందులో ఆయన కుంచె దెబ్బలు అచ్చు కాలేదు.

నీ చెల్లి