టౌనో తాత గడ్డం

ఐలా అక్కా,

నేను కులాసా. పోయింది ముందు పన్ను ఒక్కటే, అమ్మతో అనకు.

కాగితం మిల్లు కూలీలు గడ్డకట్టిన సరస్సు మీద మొదలుపెట్టిన నాటినుంచీ మన ఐస్ హాకీ జట్టు కప్పు తెచ్చింది ఒక్కసారే, నువ్వు పుట్టిన ఏడు. ఈసారీ సెమీఫైనల్లో ఒక్క గోలుతో పోయాం. కప్పు పోటీలు మొదలయ్యాక, ఓడిపోయేదాకా జట్టులో ఎవరమూ గడ్డం గీసుకోం కదా. ఓడిననాడు స్కేట్లకు పదునుపెట్టే టౌనో తాతే అందరికీ గీస్తాడు. నిన్న కత్తి పట్టగానే ఆయన చెయ్యి వణికింది. అందరం నేలచూపులు చూశాం. కత్తి నేనే అందుకుని, ముందు ఆయన తెల్లగడ్డం గీశాను.

"మెల్లగా గియ్యరా మొద్దూ, వచ్చే ఏడు మిమ్మల్ని తిట్టడానికి ఈ గొంతు కావాలి" అన్నాడు.

ఉన్ని మేజోళ్లు పంపు. పడవకు తారు పూశారా? వచ్చే ఏడు తాత గడ్డం బొడ్డు దాకా పెరగాలని కోరుకోండి.

నీ తమ్ముడు
ఓస్మో