మామయ్య చెప్పిన ముగింపు

కోరమండల్,
ఆదివారం.

అనంతకృష్ణ మామయ్యకు నమస్కారాలు.

గనిలో రాయి కూలి నాన్న లోపలే ఉండిపోయాడు. మరుసటేడు గనీ మూతపడింది. అప్పుడు మీ ఇంట్లో చూసిన అంతరిక్ష నౌక సీరియల్ గుర్తుందా? కెప్టెన్ తలుపు మూయబోతుండగా కరెంటు పోయింది. మిగతాది మీరే చెప్పారు: "మన గనిలో మనుషుల్ని పైకి తెచ్చే కేజ్ మాదిరే, ఆఖరి మనిషి ఎక్కిందాంకా ఓడ కదల్లేదమ్మా. అందరూ వచ్చేసినారు."

మొన్న ఆ సీరియల్ ఇంటర్నెట్‌లో దొరికింది. అసలు కథలో కెప్టెన్ ముగ్గురిని వదిలేసి పోతాడు. ఆ వయసులో అది చూసుంటే తట్టుకోలేకపోయేదాన్ని. ఆ సాయంత్రం మీ ఇల్లొక్కటే చీకటి, వీధిలో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అప్పుడు చెప్పాల్సిన థ్యాంక్స్ ఇప్పుడు చెబుతున్నాను మామయ్యా.

నిన్న మా పాప సహన టీవీలో అదే చూస్తుంటే, సరిగ్గా అక్కడే నేనూ ఫ్యూజు పీకాను. "అందరూ వచ్చేసినారా అమ్మా?" అంది చీకట్లో.

వచ్చేశారన్నాను.

మీ మేనకోడలు