నీళ్లలో దిగితేనే రాబడి

అమ్మమ్మగారికి, ఈతకొలను ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి నమస్కరించి రాసేది.

మీ మోకాళ్ల నొప్పికి నీళ్లలో కదలడం మంచిదని డాక్టరు చెప్పారట. మీ అమ్మాయి మీ పేరిట పన్నెండు ఈత పాఠాలకు ముందే డబ్బు కట్టారు. మీరు ఇంకా ఒక్కదానికీ రాలేదు. పాఠం చెప్పనిదే ఆ డబ్బు మా రాబడి కాదు. అందుకని మేమే మీకు బాకీ ఉన్నట్టు పుస్తకాల్లో రాసుకున్నాం. నిజమేనని కింద సంతకం చేసి పంపితే ఆడిటరుగారికి చూపిస్తాను.

మీ సంతకం కోసం ఎదురుచూస్తూ,
లెక్కలమ్మాయి

*

లెక్కలమ్మాయికి దీవెనలు.

నీ ఉత్తరం చూసినప్పటి నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అంత పెద్ద ఆఫీసు నాకు బాకీ పడడమేమిటి తల్లీ? నేనెప్పుడైనా అడిగానా? బయటికి పొక్కితే మీ పరువేం కావాలి? ఆ డబ్బు మీరే ఉంచుకోండి. పాఠాలన్నీ అయిపోయాయని రాసెయ్, ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల సంతకం పెడతాను. నీళ్లంటే నాకు చచ్చేంత భయం. నిండు బకెట్ చూసినా గుండె దడే. మా అమ్మాయికి మాత్రం చెప్పకు. అది ఫోన్ చేసి "అమ్మా, ఈత ఎంతవరకొచ్చింది?" అంటే, "నడుస్తోందే" అంటున్నాను.

మీ మేలు కోరే
అమ్మమ్మ

తా.క. ఈతబట్టలు కూడా అదే కొనిచ్చింది. బీరువా తీస్తే నా వైపే చూస్తున్నాయి. అందుకని బీరువా తీయడం మానేశాను. ఉతికిన బట్టలన్నీ అందులోనే ఉండిపోయాయి.

*

అమ్మమ్మగారికి నమస్కారాలు.

చెప్పని పాఠానికి రాబడి రాసుకుంటే ఆడిటరుగారు నన్ను బతకనివ్వరు. డబ్బు చేతికి రావడం వేరు, దాన్ని సంపాదించుకోవడం వేరు. ఒక్కో పాఠం జరిగే కొద్దీ ఆ పాఠం వంతు మాదవుతుంది. మీరు రండి చాలు.

మీ రాక కోసం,
లెక్కలమ్మాయి

తా.క. డబ్బు ఉంచుకోమని బతిమాలే మనిషిని మా మేనేజరుగారు ఇప్పుడే చూస్తున్నారట. మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు.

*

తల్లీ, దీవెనలు.

రెండుసార్లు చదివించుకున్నారంటే ఆయనకు ఎంత కోపం వచ్చిందో అర్థమైంది. అందుకే మంగళవారం వచ్చాను. గట్టున బెంచీ మీద కూర్చున్నాను. మెడలో ఈల వేసుకున్న మాస్టారు వచ్చి, "దిగండమ్మా, నడుం లోతే" అన్నారు. "నీ నడుమా, నా నడుమా నాయనా?" అన్నాను. ఆయన నవ్వి చెయ్యందించారు. చివరికి చీలమండ దాకా ముంచాను. చీలమండకి ఎంతవుతుందో లెక్కగట్టి అంతవరకు రాసుకోండి.

తడి కాలితో,
అమ్మమ్మ

తా.క. వద్దన్నా వినకుండా మాస్టారు కొత్త తువ్వాలు చేతిలో పెట్టారు. దానికీ ఏమైనా లెక్కుందా? భయానికి ఇంకా మడత విప్పలేదు.

*

అమ్మమ్మగారికి నమస్కారాలు.

చీలమండను ఆడిటరుగారు ఒప్పుకోలేదు. పాఠమంటే నీళ్లలో దిగి నేర్చుకోవడమేనట, గట్టు మీద గడిపింది లెక్కలోకి రాదట. తువ్వాలు మాత్రం వేరే వస్తువు. మీ అమ్మాయి కట్టిన దాంట్లో దాని వంతు విడదీసి, మీ చేతికిచ్చిన రోజునే రాబడిగా రాసేశాం. మీవల్ల మాకు వచ్చిన మొదటి సంపాదన అదే. ధైర్యంగా మడత విప్పండి.

ఇట్లు,
లెక్కలమ్మాయి

తా.క. కంగారు పడకండి. ఈ పాఠాలకు పెట్టిన గడువులోగా మీరు రాకపోతే, మిగిలిన డబ్బు పాఠం చెప్పకుండానే మా రాబడి అయిపోతుంది.

*

తల్లీ, దీవెనలు.

నీ తాజాకలం చదివి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. గడువు దాకా కదలకుండా కూర్చుంటే చాలు, అందరం సుఖంగా ఉంటామనుకున్నాను. తెల్లారేసరికి ఇంకో దిగులు పట్టుకుంది. పాఠం చెప్పకుండానే డబ్బు మీదైపోతుంటే, ఇక మాస్టారెందుకని మీ మేనేజరుగారికి తోచదా? ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలట. నా మూలంగా ఆయన ఉద్యోగం పోతే ఆ పిల్లల మొహం ఎలా చూడను?

అందుకే బీరువా తీశాను. శుక్రవారం నీళ్లలో దిగాను. మాస్టారి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నా గోళ్లు దిగబడ్డాయి. ఒక మాట చెప్పనా, నీళ్లలో నా మోకాళ్లు ఎవరివో అన్నంత తేలిగ్గా ఉన్నాయి. ఒక పాఠం రాసుకో.

వణుకు తగ్గిన
అమ్మమ్మ

తా.క. మాస్టారి చేతికి రాసుకునే మందు పంపుతున్నాను. దాన్ని పాఠంలో కలపకు, అది వేరే వస్తువు.

*

అమ్మమ్మగారికి నమస్కారాలు.

మాస్టారి ఉద్యోగానికి ఎప్పుడూ ఏ ఢోకా లేదు. ఆ శుక్రవారం నుంచి మీరు మానకుండా వస్తూనే ఉన్నారు, నిన్నటితో మీ పాఠాలు పన్నెండూ పూర్తయ్యాయి. మొత్తం రాబడిగా రాసి మీ ఖాతా మూసేశాం. ఇక మేము మీకేమీ బాకీ లేం. మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

సంతోషంతో,
లెక్కలమ్మాయి

తా.క. వెల్లకిలా తేలుతూ కునుకు తీశారని మాస్టారు చెబుతున్నారు. నిజమేనా?

*

తల్లీ, దీవెనలు.

తొందరపడ్డావు. ఆ చివరి పాఠం చెరిపెయ్. ఆ రోజు నేను నీళ్లలో దిగనే లేదు. కొత్తగా వచ్చిన ఒకావిడ బెంచీకి అతుక్కుపోయి వణుకుతుంటే, పాఠం వేళంతా ఆవిడ పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాను. గట్టు మీద గడిపింది లెక్కలోకి రాదని ఆడిటరుగారే అన్నారు కదా. కాబట్టి మీరు నాకింకా ఒక పాఠం బాకీ. సోమవారం వస్తున్నాను. ఇంకో పన్నెండింటికి కట్టమని మా అమ్మాయికీ చెప్పాను. బాకీ పడ్డామని మీరేమీ బాధపడకండి, నాకు అదే ధీమాగా ఉంది.

మీకు అప్పిచ్చిన
అమ్మమ్మ

తా.క. నేను చెప్పగా చెప్పగా ఆవిడ మెడ దాకా దిగింది. మాస్టారు ఈల వేశారంతే, పాఠం చెప్పింది నేను. ఆ రాబడి ఎవరిదో ఆడిటరుగారిని అడిగి రాయి.